మంచు చప్పుడు

హిందూపురం,
20 జనవరి 2025.

చెల్లెలు సుశీలమ్మకు,

అన్న ఆదెప్ప దీవెనలు. నేనూ మీ వదినె నీలావతీ క్షేమం. మా బండి కూడా క్షేమం. ఈ ఉత్తరం బండి గురించే.

ఒక బడి మూతపడి, పిల్లల్ని మోసిన పాత వ్యాను షెడ్డులో పడి ఉంటే తెచ్చుకున్నాను. నలభై ఏళ్ళు లారీ తోలినవాడికి అది ఆటబొమ్మ. సీట్లు పీకేసి వెనక మంచం వేశాను. మంచం కింద బియ్యం, రాగిపిండి, చింతపండు డబ్బాలు. ఎడమ పక్క గ్యాసు పొయ్యి, దాని పక్కన నీళ్ళ డ్రమ్ము. మీ వదినె పాత చీరలు చింపి కిటికీలకు తెరలు కుట్టింది. లోపలి రేకు మీద 'అల్లరి చేయరాదు' అని పసుపు అక్షరాలు ఇంకా ఉన్నాయి. గీకేద్దామంటే ఆమె ఒప్పుకోలేదు. "ఉండనీ, నీకు పనికొస్తాది" అంది.

టీ అంగడి మారుతి ఊరుకుంటాడా? "ఏమప్పా ఆదెప్పా, ఇల్లు నెత్తిన పెట్టుకుని పోతాండావంట, నత్తవా ఏంది?" అన్నాడు. నత్త ఒంటరిగా పోతుంది, నేను ఇల్లాలితో పోతున్నాను అని చెప్పాను. అంగట్లో అందరూ నవ్వారు. నవ్వినట్టు కనబడింది, అంతే. నా చెవుల సంగతి నీకు తెలుసుగా. ఇంజను చప్పుడు తినేసింది. కుడిది పూర్తిగా పోయింది, ఎడమది సగం. ఫోను నాకు పనికిరాదు కాబట్టే ఈ కాలంలో కూడా నీకు ఉత్తరం రాస్తున్నాను. పొడుగు మాటలైతే మీ వదినె పలక మీద రాసి చూపిస్తుంది. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న పలకే అది. తిట్లకు మాత్రం పలక వాడదు, వాటికి నా ఎడమ చెవి చాలంటుంది.

దారి తప్పాను, అసలు సంగతికి వస్తాను. ఈ ప్రయాణం నా కోరిక కాదు. పోయిన నెల ఉమారాణి పెనుకొండ నుంచి వచ్చి, "అమ్మా, ఇన్నేండ్లు నాయన ఒక్కడే దేశం తిరిగె. నీకేం చూడాలనుండాది?" అని అడిగింది. కాశీ అంటుందనుకున్నాం, తిరుపతి అంటుందనుకున్నాం. మీ వదినె పప్పు ఎనుపుతూ తలెత్తకుండా, "మీ నాయన చిక్కుకున్న మంచు" అంది.

అదీ సంగతి. హిమాలయాల్లో కేలాంగ్ దారిలో మంచు. పదకొండు ఉత్తరాల మంచు. ఆ ఉత్తరాలను బిస్కెట్ల డబ్బాలో పెట్టి, బండిలో దేవుడి పటం పక్కన ఉంచింది. రాత్రి బడి పంతులు 'అ' దిద్దమంటే, "నాకు 'అ' వద్దు సార్, ఈ ఉత్తరం కావాల" అని వాటితోనే చదువు నేర్చుకున్న మనిషి. ఏ ఉత్తరంలో ఎన్నో వరుసలో ఏముందో రాసిన నాకంటే ఆమెకే బాగా తెలుసు.

ముందు రాజస్థాన్ ఎడారి, తర్వాత పంజాబు, తర్వాత కొండలు. జవాబు జోధ్‌పూర్ పెద్ద పోస్టాఫీసుకు రాయి. 'పోస్టుమాస్టరు గారి వద్ద ఉంచవలసినది, ఆదెప్ప వచ్చి తీసుకుంటాడు' అని పైన రాస్తే ఉంచుతారు. నేను నీకు రాయడం ఆమెకు తెలుసు. వద్దనదు, చదవదు.

నువ్వేమంటావో తెలిసే బయలుదేరే రోజున ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేస్తున్నాను.

నీ అన్న,
ఆదెప్ప.


ధర్మవరం,
29 జనవరి 2025.

అన్నకు సుశీలమ్మ నమస్కారం.

నీ ఉత్తరం చదివి మగ్గం దిగి కూర్చున్నాను. నువ్వు ఎన్నడూ చూడని ఊరిని, చూసిన ఊరని చెప్పి పెండ్లాన్ని తోడుకుని పోతున్నావు. ఎక్కడ ఆపుతావు బండి? ఏ రాయిని చూపించి ఇక్కడే పడుకున్నా అంటావు? నీకు అన్నం పెట్టిన ముసలమ్మ ఇల్లు ఏదని అడిగితే ఎవరి వాకిలి చూపిస్తావు?

మనం కట్టిన కథ విని విని నాకే ఏది నిజమో మరపు వస్తోంది. అందుకే ఒకసారి రాసుకుంటాను. తొంభై మూడో సంవత్సరం నవంబరులో నువ్వు చింతపండు లోడుతో రాజస్థాన్ పోయినావు. తెల్లారేటప్పుడు నీకు రెప్ప పడింది. ఒంటెబండి తోలుకుని పోతున్న మనిషి లారీ కింద పడి చనిపోయినాడు. నువ్వు ఎనిమిది నెలలు ఎడారి జైల్లో ఉన్నావు. వదినెకు అప్పటికే రెండు కాన్పులు చెడిపోయి, మూడోసారి అయిదో నెల. గుండె అదిరే మాట ఏదీ ఆమె చెవిన వేయొద్దని డాక్టరమ్మ అనింది. అప్పుడు మా ఆయన ఓబులేసు, నువ్వు, నేను కలిసి మంచు కథ కట్టినాం. మిలిటరీ సామాను ఎత్తుకుని కొండలకు పోయినాడు, కనుమ మూసుకుపోయింది, ఎండాకాలం దాకా దిగలేడు అని. నువ్వు జైల్లో కూర్చుని రాసిన ఉత్తరాలు లారీ డ్రైవర్ల చేతుల మీదుగా మా ఇంటికి వచ్చేవి. ఈయన హిందూపురం పోయి ఆమెకు చదివి వినిపించేవాడు.

ఆ కథలో నీకు మంచు దక్కింది. నాకు దక్కింది ఏమిటో మరిచిపోయినావా? ఉమారాణికి పేరు పెట్టిన రోజు. బిడ్డను ఉయ్యాలలో వేసి చెవిలో మూడుసార్లు పేరు పిలవాల్సింది మేనత్త. పిలిచేటప్పుడు పక్కనున్న ఆడోళ్ళు మేనత్త వీపున గుద్దాల, నవ్వాల. ఆ పొద్దు నేను నీ జామీను కోసం జోధ్‌పూర్ కోర్టు ముందర నిలబడి ఉన్నాను. వదినెకు ఏమని చెప్పినాం? మగ్గం మీద పెండ్లి చీర ఉంది, దిగితే చెడిపోతుందని. ఆమె ఆ బిడ్డను ఎత్తుకుని అందరి ముందర, "మగ్గం దిగని మేనత్త నా గడప ఎక్కొద్దు" అనింది. ఎక్కలేదు. ఉమారాణి పెండ్లికి కూడా ఎక్కలేదు. ధర్మవరం పట్టు ముప్పై ఏండ్లుగా ఆమె ఒంటిని తాకలేదు. కూతురి పెండ్లికి కంచి పోయి చీర తెచ్చుకుంది. పక్కనే ఇంత ఊరు మగ్గాల మీద బతుకుతుంటే.

నాకు అరవై ఆరు. కుడి కంట్లో పొర వచ్చింది, జరీ పోగు రెండుగా కనబడుతోంది. ఇప్పుడు నేస్తున్నది ఆఖరి చీర. నేరేడు రంగు, ఆవపూవు పసుపు అంచు. వదినెకే నేస్తున్నాను. కట్టుకుంటుందో లేదో నీ నోటిలో ఉంది. కొండ ఎక్కకముందే చెప్పు అన్నా. నేను పోయినాక చెప్తే నాకేమి లాభం?

సుశీలమ్మ.


జైసల్మేర్,
13 ఫిబ్రవరి 2025.

చెల్లెలు సుశీలమ్మకు ఆదెప్ప దీవెనలు.

నీ ఉత్తరం జోధ్‌పూర్‌లో అందింది. పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుని రెండుసార్లు చదివాను. మీ వదినె బండిలో ఉల్లిపాయలు తరుగుతూ, "ఏమంట?" అని సైగ చేసింది. క్షేమమంట అన్నాను. అరవై తొమ్మిదేళ్ళకు కూడా అబద్ధం ఎంత నున్నగా జారుతుందో చూడు.

ఈ ఎడారి మీ వదినెకు నచ్చింది. మన వైపు ఎండ చూసిన మనిషికి ఇదేం కొత్త అనుకున్నాను. "మన చేలల్లో ఎండకు రాళ్ళు అడ్డం. ఈడ అడ్డమే లేదు" అంది. పొద్దున లేచి బండి మెట్టు మీద కూర్చుని రొట్టెలు కాలుస్తుంది. దారిన పోయే ఒంటెలవాళ్ళకు రాగిరొట్టె పెడుతుంది. వాళ్ళు సజ్జ రొట్టె తెచ్చి ఇస్తారు. ఒకరి భాష ఒకరికి రాదు. రెండు పక్షాలూ తల ఊపుకుంటారు. నలభై ఏళ్ళు ఈ దేశమంతా తిరిగి నేను ఇంతమందితో స్నేహం చేయలేదు.

ఇక అసలు సంగతి. ఖారియా అనే ఊరి ముందు నుంచి దారి పోతుంది. కోర్టు కాగితాల్లో లెక్కలేనన్నిసార్లు చూసిన పేరు. చుట్టూ తిరిగి పోవచ్చు, ముప్పై కిలోమీటర్లు ఎక్కువ. నేను చుట్టు తిరగలేదు. ఇది ధైర్యమని రాయలేను. చెయ్యి స్టీరింగు తిప్పలేదు, అంతే.

రోడ్డు పక్కన టీ అంగడి. లోపల గోడకు దండ వేసిన ఫోటో. తలపాగా, పెద్ద మీసం. భేరారామ్, నా లారీ కింద పోయినవాడు. ఆ మనిషి బతికుండగా అతని ముఖం నేను చూడలేదు, సుశీలా. అంగడి నడిపేది కొడుకు. తండ్రి పోయినప్పుడు ఆరేళ్ళ పిల్లవాడు అయి ఉంటాడు. మా బండికి ఆంధ్రా నెంబరు చూసి, ఫోటో వైపు చెయ్యి చూపించి ఏదో చెప్పసాగాడు. చాలాసేపు చెప్పాడు. ఆ చెప్పేది నాకు వినబడదు. మీ వదినెకు వినబడుతుంది, హిందీ రాదు. మా ఇద్దరి మధ్య ఆ మనిషి మాటలు నేల మీద పోశాడు. మీ వదినె మాత్రం ఫోటోకు చేతులు జోడించింది. అతను టీ ఇచ్చాడు. తాగాను.

బండెక్కాక పలక మీద రాసింది: 'ఎవరంట?' 'వాళ్ళ నాయనంట' అన్నాను.

రేపు పొద్దున ఇసుకదిబ్బల దగ్గరికి పోతున్నాం. అక్కడ చెప్పేస్తాను. ఇది నీ చేతికి చేరేసరికి నేను చెప్పేసి ఉంటాను. ఈసారి నమ్ము. ఇక జవాబు మనాలీ పోస్టాఫీసుకు రాయి.

ఆదెప్ప.


ధర్మవరం,
22 ఫిబ్రవరి 2025.

అన్నకు సుశీలమ్మ నమస్కారం.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. 'చేరేసరికి చెప్పేసి ఉంటాను' అన్న చోట కాగితం మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. మా కోడలు హేమలత, "ఏమైంది అత్తా, ఎవరన్నా పోయిరా?" అనింది. పోలేదు, వస్తున్నారు అన్నాను.

చీర దించేసినాను. కొంగు దగ్గర రెండు చోట్ల జరీ వంకర పోయింది. కంటి పొర పుణ్యం. ఇప్పి మళ్ళీ నేయడానికి నాకు ఓపిక లేదు. ఆ వంకర ఎందుకో వదినెకు చెప్పు, లేకుంటే మగ్గం కూడా రాదు దీనికి అంటుంది.

చీరను పార్సిలు చేసి మనాలీకి పంపుతున్నాను. దాంట్లో వదినెకు ఒక ఉత్తరం పెట్టినాను. అన్న అంతా చెప్పినాడు కదా అని, ఆ పొద్దు కోర్టు ముందర వేపచెట్టు కింద నేను ఉపవాసం ఉన్నానని, పేరు పెట్టే గడియకు ఒక్కదాన్నే 'ఉమారాణి, ఉమారాణి, ఉమారాణి' అనుకున్నానని. ముప్పై ఏండ్లుగా ఎవరికీ చెప్పని మాట అది. మా ఆయనకు కూడా చెప్పలేదు.

నీ చేత్తో ఇవ్వు అన్నా. ఆమె ఏమనిందో ఉన్నదున్నట్టు రాయి. తిట్టినా రాయి.

నీ చెల్లెలు,
సుశీలమ్మ.


పఠాన్‌కోట్,
24 ఫిబ్రవరి 2025.

సుశీలమ్మకు,

ఈ ఉత్తరం రాయడానికి చెయ్యి రావడం లేదు కాబట్టి మూడు చోట్ల మొదలుపెట్టి చింపాను.

చెప్పలేదు.

ఆ పొద్దున దిబ్బల దగ్గర మీ వదినె చెప్పులు చేతబట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ఇసుకలో ఎక్కింది. పైన కూర్చుని డబ్బా తెరిచింది. నేను నోరు తెరిచేలోపల నాలుగో ఉత్తరం తీసింది. నా ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చదివింది. 'నీలా, ఈడ రాత్రంతా టార్పాలిన్ మీద మంచు రాలే చప్పుడు. చాటలో రాగులు పోస్తాండినట్టు ఉంటుంది. ఆ చప్పుడు వింటూ నీ గురించే అనుకుంటా. బిడ్డ కడుపులో కదిలినప్పుడు ఆ చప్పుడే అనుకో.' చదివి మడిచి, "ఆ పొద్దుల్లో నా పక్కలో ఈ చప్పుడే ఉన్నె. దీంతోనే బిడ్డను నిలబెట్టుకున్నా" అంది.

చెప్పు, ఏ నోటితో చెప్పను? నేను మనిషిని చంపి, ఆమెకు మంచు ఇచ్చాను. ఆమె ఆ మంచుతో ఉమారాణిని కనింది. దాన్ని లాగేసుకుంటే ఆమె చేతిలో ఏముంటుంది?

నువ్వు అడుగుతావు, నీ చేతిలో ఏముందని. అది నాకు తెలియక కాదు.

ఇప్పుడప్పుడే ఏమీ రాయకు, ఏమీ పంపకు. కొండ మీదికి చేరాక చూద్దాం.

ఆదెప్ప.


ధర్మవరం,
4 మార్చి 2025.

అన్నా,

నీ పఠాన్‌కోట్ ఉత్తరం ఇప్పుడే చూసినాను. పార్సిలు ఎప్పుడో పోయింది. పోస్టాఫీసులో అడిగితే మనాలీ చేరిపోయిందన్నారు. ఉమారాణికి ఫోను చేసి వదినెకు చెప్పించుదామంటే, ఏమని చెప్పేది? పార్సిలు తెరవొద్దంటే ముందు దాన్నే తెరుస్తుంది.

నీ ఇష్టం. ఆమెకు ఇవ్వొద్దనుకుంటే ఉత్తరం తీసేసి చీర ఒక్కటే ఇవ్వు. చీర కూడా వద్దనుకుంటే కొండ మీద ఎవరికన్నా ఇచ్చెయ్యి. చలి కదా. నేను ఇక రాయను.

సుశీలమ్మ.


కేలాంగ్,
11 మార్చి 2025.

చెల్లెలు సుశీలమ్మకు అన్న ఆదెప్ప రాయునది.

ఈసారి దారి తప్పకుండా రాస్తాను. తప్పితే క్షమించు.

మనాలీలో నీ పార్సిలు, నీ రెండు ఉత్తరాలు ఒకేసారి నా చేతికిచ్చారు. పార్సిలును స్టెపినీ టైరు వెనక దాచాను. జీవితంలో అంతకంటే బరువైన లోడు ఎత్తలేదు. ఇప్పుడు కనుమ ఎక్కే పనిలేదు, కొండ కింద సొరంగం తవ్వారు. పావు గంటలో అవతలికి పోయాం. ఎనిమిది నెలలు చిక్కుకున్నానని ముప్పై ఏళ్ళుగా చెప్పుకున్న కనుమను పావు గంటలో దాటిపోయాను. మీ వదినె గడియారం చూసుకుని, "ఇంతేనా?" అంది.

ముసలమ్మ ఇల్లు అడిగింది. ఇల్లు కూలిపోయిందన్నాను. ఆమె పేరు అడిగింది. మరిచిపోయానన్నాను. ఆ పేరు రెండో ఉత్తరంలో ఉందట. తీసి చూపించింది.

నిన్న మధ్యాహ్నం మంచు మొదలైంది. బండి ఒక చిన్న హోటలు వెనక ఆపి ఉంది. మీ వదినె సంగటి గిన్నె పొయ్యి మీద నుంచి దించి, తలుపు తెరిచి చెయ్యి బయటికి చాపింది. తర్వాత పొయ్యి ఆపేసింది. తర్వాత తలుపు మూసి, కిటికీ మూసి, పైకప్పు రేకుకు చెవి ఆనించింది. నాకు నవ్వు వచ్చింది, పిల్లి లాగా ఉంది.

నా ఎడమ చెవి దగ్గరికి వచ్చి అడిగింది, "చప్పుడు వింటాండావా?"

కిటికీలోంచి చూస్తే పెద్ద పెద్ద తునకలు పడుతున్నాయి. "ఎందుకు వినపడదు? అప్పుడూ ఇంతే. రాగులు పోసినట్టు" అన్నాను.

"ఏ చెవితో?"

"రెండిటితోనూ" అన్నాను. కథ చెప్పడం అలవాటైన నోరు సుశీలా, అది నన్ను అడగదు.

మీ వదినె నా ముఖం చూసింది. డబ్బా తెరిచి నాలుగో ఉత్తరం తీసి, నా ముందర పరిచింది. తర్వాత పలక తీసుకుని రాసింది. బడిలో దిద్దినట్టు గుండ్రంగా, ఒక్కో అక్షరం ఆగి ఆగి రాసింది.

'మంచుకు చప్పుడు లేదు.'

ముప్పై ఏళ్ళు ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని అరుగుల మీద ఆ చప్పుడు చెప్పి ఉంటాను. ఒక్కరూ కాదనలేదు, మన వైపు మంచు చూసినవాడు ఎవడు? మంచు దూది లాగా పడుతుందని, అంత ఎత్తు నుంచి పడి కూడా నోరు మెదపదని నాకేం తెలుసు? తెలుసుకుందామంటే ఇప్పుడు చెవుల్లేవు.

అప్పుడు చెప్పాను. అంతా చెప్పాను. లోడు, రెప్ప పడటం, ఒంటె లేచి నిలబడి బండివాడు లేవకపోవడం, జైలు. ఆ చప్పుడు మాత్రం అబద్ధం కాదని కూడా చెప్పాను. జైలుకు రేకుల కప్పు. గాలి లేచినప్పుడు రాత్రంతా రేకుల మీద ఇసుక రాలేది. రాగులు పోసినట్టే ఉండేది. ఆ చప్పుడు వింటూ ఆమె గురించి అనుకున్నది నిజం. ఇసుక అని రాయాల్సిన చోట మంచు అని రాశాను.

ఆమె ఏడవలేదు. పలక తుడిచి ఒక్కో ప్రశ్న రాసింది.

'ఆ టీ అంగడి ఫోటోనా?' అవునన్నాను.

'ఇల్లాలు ఉందా?' ఉందని కోర్టులో చూశాను, ఇప్పుడు తెలియదన్నాను.

మూడోది రాయడానికి చాలాసేపు పట్టింది. 'పేరు పెట్టిన పొద్దు సుశీలమ్మ యాడుండె?'

బయటికి పోయి, స్టెపినీ వెనక నుంచి పార్సిలు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను. నీ ఉత్తరం చదివింది. మళ్ళీ చదివింది. చీర మడత విప్పలేదు. అంచును మాత్రం వేలితో నిమిరింది, కొసదాకా. ఉత్తరాన్ని డబ్బాలో ఆ పదకొండింటి పైన పెట్టింది.

ఈ పొద్దున లేచేసరికి పలక స్టీరింగు మీద ఆనించి ఉంది. 'బండి తిప్పు. ఆ ఊరికి.'

ఏమనిందో ఉన్నదున్నట్టు రాయమన్నావు. ఇంతే. నిన్నటి నుంచి నా ఎడమ చెవిలో ఒక్క తిట్టు కూడా పడలేదు. అదే నాకు భయంగా ఉంది.

ఆదెప్ప.


ఖారియా, రాజస్థాన్,
24 మార్చి 2025.

వదినె సుశీలమ్మకు నీలావతి నమస్కారం.

మీ అన్న మాదిరి నాకు రాయడం రాదు. నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే దిద్దుకో.

నిన్న మీ అన్న ఆ టీ అంగడి ముందర నిలబడి చెప్పినాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. హిందీలో చెప్పినాడు, నాకు తెలియలేదు గానీ తన పేరు, హిందూపురం, లారీ అనే మాటలు వినబడినాయి. ఆ కొడుకు గ్లాసు కింద పెట్టి లోపలికి పోయి వాళ్ళమ్మను పిలుచుకొచ్చినాడు. నా ఈడుదే. ముసుగు ముఖం మీదికి లాక్కుని, నేల మీద కూర్చుని మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది. మీ అన్నకు వినపడదు, ఆమె ఎదుటే తల వంచుకుని నిలబడినాడు. నాకు అర్థం కాదు. అర్థం కాకపోయినా నేను ఆమె ఎదురుగా నేల మీదే కూర్చుని, ఆమె ఆపేదాకా విన్నాను. ఎవరో ఒకరు వినాల కదా.

ఆపినాక లేచి లోపలికి పోయి ఒక లోటా మజ్జిగ తెచ్చింది. నాకిచ్చింది. మీ అన్నకు ఇవ్వలేదు. ఆయన అడగలేదు. కొడుకు మాత్రం, పోయేటప్పుడు బండి టైర్లు చూసి గాలి పట్టినాడు.

నాకు మీ ముగ్గురి మీదా కోపం ఉండాది. ఓబులేసన్న లేడు, ఆయన భాగం కూడా మీ అన్నే మోయాల. బిడ్డ దక్కాలని అబద్ధం చెప్పినారు, సరే. దక్కినాక? బిడ్డ నడిచింది, బడికి పోయింది, పెండ్లయింది. అప్పుడెప్పుడన్నా ఒక మాట చెప్పుంటే, గడప బయట నువ్వు నిలబడాల్సిన పని లేకపోయె. నేను తిట్టింది ఎవరిని? కోర్టు ముందర అన్నం తినకుండా నిలబడిన మనిషిని. ఆ తిట్టును నేను యాడ పెట్టుకోవాల?

మీ అన్నతో ఇంకా మాట్లాడలేదు. కావాల్సింది పలక మీద రాస్తున్నా. ఉప్పు, నీళ్ళు, ఎడమకు తిప్పు. చూద్దాం.

హిందూపురానికి పోము. నేరుగా ధర్మవరం వస్తాం. ఉమారాణికి ఫోను చేసి, పెనుకొండ నుంచి నువ్వూ రా అని చెప్పినా. "ఎందుకమ్మా, సురేష్‌కు ఫ్యాక్టరీలో లీవు దొరకదు" అనింది. అల్లుడు రాకున్నా ఫరవా లేదు, నువ్వు రా, నీకు పేరు పెట్టాల అన్నాను. నవ్వింది. నవ్వనీ. ముప్పై ఒకటి నిండిన దాన్ని ఉయ్యాలలో వేయలేం, నీ మగ్గం పలక మీద కూర్చోబెడదాం. దాని చెవిలో మూడుసార్లు పిలువు. వేపచెట్టు కింద పిలిచింది దానికి వినపడలేదు.

చీర నా దగ్గరే ఉండాది. ఇంకా కట్టలేదు. నువ్వు పేరు పిలిచినాక కడతాను. కొంగు వంకర చూసినా, ఉండనీ.

పిలిచేటప్పుడు నీ వీపున గుద్దేది నేనే. మెత్తగా గుద్దుతానని అనుకోవద్దు వదినె.

నీలావతి.